మా కేన్వాస్ టెంటు, దేవమాలి చలి, ఒక కుంపటి

దేవమాలి దగ్గర టెంటు వేసుకున్న ఫొటోలు పెట్టిన దగ్గర్నుంచి తెలిసినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు, ఎక్కడ కొన్నారు, ఎంత పడింది అని. కొనడం ఒక పూట పని. దాన్ని వాడటం, దాచడం, ముఖ్యంగా అందులో రాత్రి పడుకుని పొద్దున్నే అందరూ క్షేమంగా లేవడం, ఇవి ఎవరూ అడగరు. మేము కూడా కొనేటప్పుడు అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మేముండేది రాయగడ. మజ్జిగౌరమ్మ గుడికి వచ్చే మన తెలుగువాళ్లకి ఈ ఊరు తెలిసే ఉంటుంది. చలికాలం వచ్చిందంటే ఇక్కడివాళ్ల కళ్లు కోరాపుట్ కొండల మీదే. దేవమాలి 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. సెమిలిగూడ, పొట్టంగి వైపు డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున చలి ఎముకల్లోకి దిగుతుంది. ఆ చలికి నైలాన్ టెంటులో పడుకుంటే మన ఊపిరే లోపలి గోడల మీద నీళ్లై పొద్దున్నకి దుప్పట్ల మీద కారుతుంది. అది రెండుసార్లు అనుభవించాకే మా ఆయన పట్టుబట్టి దళసరి నూలు కేన్వాస్‌ది, నలుగురు పట్టేది కొన్నారు. బరువు మాత్రం బియ్యం బస్తా అంత. భుజాన వేసుకుని కొండెక్కేది కాదు, కారు వెళ్లినంత మేరకే.

కొత్త కేన్వాస్‌ని నేరుగా వర్షంలోకి తీసుకెళ్లకూడదు. ముందు ఇంటి దగ్గరే తడపాలి. మేము పెరట్లో నిలబెట్టి, పైపుతో బట్ట అంతా, ముఖ్యంగా కుట్లు, బాగా నానేదాకా తడిపి, పూర్తిగా ఎండనిచ్చి, మళ్లీ తడిపి, అలా మూడుసార్లు చేశాం. మొదటిసారి కుట్ల దగ్గర చుక్కలు చుక్కలుగా కారింది, అత్తయ్య అయితే "ఇంత డబ్బు పోసి కారే టెంటు తెచ్చారేంట్రా" అని కంగారు పడ్డారు. కానీ అది మామూలే. నూలు పోగు తడిస్తే ఉబ్బుతుంది. ఉబ్బి, సూది పోట్లని, నేతలో సందుల్ని మూసేస్తుంది. మూడోసారికి చుక్క పడలేదు. కేన్వాస్ వర్షాన్ని ఆపడంలో రసాయనం పూత ఎంత ముఖ్యమో పోగు ఉబ్బడం కూడా అంతే ముఖ్యం. ఈ ఉబ్బే గుణాన్ని గుర్తుపెట్టుకోండి, కుంపటి సంగతి చెప్పేటప్పుడు మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

వాన పడుతున్నప్పుడు లోపలి నుంచి బట్టని ముట్టుకోకూడదు. మా పాప మొదటి వానలో ముట్టుకుంది. చూపుడు వేలితో పైనుంచి కిందికి ఒక గీత గీసింది. ముందు ఏమీ కాలేదు. తర్వాత ఆ గీత కొంచెం ముదురు రంగుకి తిరిగి, సన్నగా మెరిసి, దాని చివర ఒక నీటిబొట్టు కట్టింది. ఆ బొట్టు రాలిపోతే ఇంకొకటి. బట్టకి అవతల నిలిచిన నీటికి వేలు దారి చూపించింది. బ్యాగులు, పరుపులు గోడకి ఆనించినా అదే జరుగుతుంది. అందుకని ఇప్పుడు మా సామానంతా మధ్యలోనే ఉంటుంది, గోడకి జానెడు దూరంలో. ఒకవేళ చుక్క మొదలైతే దాన్ని వేలితోనే కింద అంచుదాకా లాగి వదిలేయండి, నీరు ఆ దారినే జారిపోతుంది, మొహం మీద పడదు.

కింద పరిచే పట్టా టెంటు అంచు కన్నా బయటికి రాకూడదు. వస్తే బట్ట మీంచి జారిన నీళ్లు పట్టా మీద పడి నేరుగా మీ నడుం కిందికి చేరతాయి. దాన్ని లోపలికి మడిచేయాలి. మేకులు టెంటుకి వ్యతిరేక దిక్కుకి తల వాల్చి ఏటవాలుగా కొట్టాలి, నిలువుగా కొడితే దేవమాలి గాలికి గంట ఆగవు. నూలు తాళ్లయితే వానకి, మంచుకి కుంచించుకుపోయి మేకుల్ని పీకేస్తాయి, కుట్లు కూడా చిరుగుతాయి, కాబట్టి పడుకునే ముందు వాటిని కొంచెం వదులు చేయాలి.

ఎక్కడ వేయాలన్నది ఆ కొండ కింద ఊరి పెద్దాయన ఒకరు చూపించారు. మేము నీడ కోసం నీలగిరి చెట్ల కిందికి వెళ్తుంటే ఆపి, "అక్కడ వద్దమ్మా, అవి గాలి లేకపోయినా కొమ్మలు వదిలేస్తాయి" అన్నారు. తెలుగు బాగానే మాట్లాడారు, సంతకి సాలూరు వెళ్తారట. ఆయన చెప్పింది నిజం, ఆ చెట్లకి ఉన్నట్టుండి కొమ్మ విరిగి పడే లక్షణం ఉంది. చెట్టు కింద ఇంకో ఇబ్బంది, వాన ఆగిన చాలాసేపటిదాకా ఆకుల నీళ్లు పడుతూనే ఉంటాయి, జిగురు, రెట్టలు బట్టకి అంటుకుంటాయి. గెడ్డ (కొండవాగు) ఒడ్డున చదునుగా, ఇసుకగా ఉందని అక్కడ వేయడం ఇంకా ప్రమాదం. మన దగ్గర చుక్క పడకపోయినా పై కొండల్లో వాన కురిస్తే గెడ్డ పొంగుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో అయితే మేము అసలు వెళ్లం. సాయంత్రాలు ఉరుములు మెరుపులతో వచ్చే ఆ గాలివానలకి టెంటు ఏ రకంగానూ అడ్డు కాదు. పిడుగుపాటుని ఒడిశా ప్రభుత్వం రాష్ట్ర ప్రత్యేక విపత్తుల్లో చేర్చిందంటేనే ఇక్కడ దాని తీవ్రత అర్థం చేసుకోవచ్చు. ఉరుము వినిపిస్తే టెంటు వదిలేసి కారులోకి వెళ్లి అద్దాలు ఎక్కించుకోండి, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి. సామాను తడిస్తే తడవనివ్వండి.

ఇక కుంపటి. దీని గురించి రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

ఆ రాత్రి మంచు బాగా కురిసింది. ఎనిమిదింటికే కేన్వాస్ పైన చెయ్యి పెడితే తడి. అత్తయ్యకి చలికి పళ్లు టకటకమంటున్నాయి. "మన ఇంట్లో కుంపటి పెట్టుకోమా ఏంటి, ఇక్కడ పెడితే ఏమవుతుంది" అన్నారు. నేనూ సరే అన్నాను, ఆ మాట దాచను. మా తమ్ముడు బయట వంట చేసిన కుంపటిలో బొగ్గులు ఎర్రగా, పొగ లేకుండా అయ్యేదాకా ఉంచి తీసుకొచ్చి లోపల గుమ్మం దగ్గర పెట్టాడు. పొగ లేదు కదా, ఇంకేం భయం అనుకున్నాం. కిటికీలన్నీ మూసేశాం, జిప్పులన్నీ లాగేశాం. ఎంత హాయిగా ఉందో. తమ్ముడు మాత్రం చోటు చాలక కారులో పడుకున్నాడు.

ఒంటిగంట దాటాక నాకు మెలకువ వచ్చింది. తల రెండు పక్కలా సుత్తితో కొడుతున్నట్టు ఉంది. లేవబోతే మోకాళ్లలో బలం లేదు. పక్కన పాప నిద్రలోనే వాంతి చేసుకుంది. అత్తయ్యని పిలిస్తే "ఊఁ" అంటున్నారు తప్ప కళ్లు తెరవడం లేదు. నాకు ఆ క్షణంలో విషయం అర్థమైందని చెప్పలేను, పాపని బయటికి తీసుకెళ్లాలి అన్నది ఒక్కటే. జిప్పు లాగడానికి వేళ్లు సరిగ్గా పట్టు దొరకలేదు, మూడుసార్లు జారింది. నాలుగోసారి తెరుచుకుంది. చల్లగాలి మొహానికి కొట్టాక అరిచాను. తమ్ముడు పరిగెత్తుకొచ్చి అందరినీ లాగాడు. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టాక తెల్లారేసరికి అత్తయ్య మామూలుగా మాట్లాడారు. పాప ఇడ్లీ అడిగింది.

జరిగింది ఇది. బొగ్గు కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ పోయి నిప్పు ఎర్రగా అయ్యాక కూడా వస్తూనే ఉంటుంది, అసలు మోసం అక్కడే. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌కి అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ఇక గాలి పీల్చినా ఒంటికి అందదు. మరి కేన్వాస్‌కి గాలి ఆడుతుంది కదా అంటే, పొడిగా ఉన్నప్పుడు కొంత ఆడుతుంది, అదీ బొగ్గు కుంపటికి చాలేది కాదు. తడిస్తే పోగు ఉబ్బి సందులు మూసుకుంటాయని పైన చెప్పాను కదా. వానని ఆపే ఆ గుణమే ఆ రాత్రి మంచుకి తడిసి గాలినీ ఆపింది. మిగిలిన కిటికీల్ని మేమే మూశాం.

కాబట్టి కుంపటి, బొగ్గు, గ్యాస్ స్టవ్, కిరోసిన్ దీపం, జనరేటర్, ఏదీ టెంటు లోపల వద్దు. ఆరిపోతున్న నిప్పులు కూడా వద్దు, గుమ్మం ముందు పందిరి కిందా వద్దు. ఒకే టెంటులో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే తిన్నది పడలేదేమో అనుకుంటూ పడుకోకండి. వెంటనే బయటికి రండి, 108కి ఫోన్ చేయండి, బాగానే ఉంది అనిపించినా డాక్టర్‌కి చూపించండి. ఎంత చలిగా ఉన్నా పైన ఒక కిటికీ, కింద ఒక మూల బెత్తెడు తెరిచి ఉంచండి, దోమతెర మాత్రం వేసే ఉంచండి. చలికి మేము ఇప్పుడు చేసేదల్లా కింద మందంగా పరుచుకోవడం (చలి సగం నేల నుంచే వస్తుంది), ఉన్ని టోపీలు, రబ్బరు సంచీలో వేడినీళ్లు. అత్తయ్య తర్వాత కూడా మాతో వచ్చారు, ఆ సంచీ ఆవిడ కాళ్ల దగ్గరే.

నెగడు వేసుకుంటే టెంటుకి కనీసం ఐదారు గజాల దూరంలో, గాలి టెంటు మీంచి నెగడు వైపు వీచేలా చూసుకోవాలి. నూలు బట్ట నిప్పురవ్వకి నైలాన్‌లా కరగదు గానీ, కాలడం మాత్రం కాలుతుంది. ఒక బకెట్ నీళ్లు పక్కనే ఉండాలి.

కోరాపుట్, రాయగడ, మల్కనగిరి వైపు మలేరియా భయం పాతదే కాబట్టి కిటికీల దోమతెర చిరగకుండా చూసుకోండి. అయితే దోమల స్ప్రేని బట్ట మీద నేరుగా కొట్టకండి, దాని పూత పోతుంది. రాత్రి దోమతెర జిప్పు పూర్తిగా దిగి ఉండాలి, కట్లపాము రాత్రి తిరిగేదే. పొద్దున్న చెప్పులు దులుపుకోకుండా వేసుకోవద్దు.

ఇంటికి వచ్చాక ఇంకో సగం పని ఉంటుంది. మన కొండల ఎర్రమట్టి తడిగా ఉన్నప్పుడు తుడిస్తే నేతలోకి ఎక్కిపోతుంది. ఎండనివ్వండి, మెత్తటి బ్రష్‌తో దులపండి, మిగిలిన మరక మామూలు నీళ్లతో. సర్ఫ్, సబ్బు వద్దు, వాషింగ్ మెషీన్ అసలే వద్దు, నీటిని ఆపే పూత మొత్తం పోతుంది.

మేము చేసిన రెండో తప్పు ఇక్కడే. ఒక ఆదివారం వానలో తిరిగొచ్చి, సోమవారం స్కూలు ఉందని టెంటుని తడిగానే ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక ఎక్కించాం. పన్నెండు రోజుల తర్వాత విప్పితే నానిన గోనెసంచి వాసన, మడతల వెంట ఆవాలు చల్లినట్టు నల్ల చుక్కలు. తడి నూలుకి బూజు పట్టడానికి ఒకటి రెండు రోజులు చాలు. బ్లీచింగ్ వేస్తే తెల్లబడుతుందని పక్కింటావిడ అన్నారు గానీ అది పోగునే తినేస్తుంది. నీళ్లు కలిపిన వెనిగర్‌తో మెల్లగా తుడిచి, కడిగి, ఎండలో ఆరేశాం. వాసన పోయింది, మచ్చలు పోలేదు. తుడిచిన చోట వాన దిగుతుంటే కేన్వాస్‌కి వేసే వాటర్‌ప్రూఫ్ ద్రావణం తెచ్చి మళ్లీ పూశాం. ఆరబెట్టడానికి ఎండ మంచిదే, అలాగని వారాల తరబడి ఎండలో నిలబెట్టి ఉంచితే బట్ట జీవం పోతుంది.

దాచేది నూలు సంచిలో, నేలకి తగలకుండా. నేల మీద పెడితే చెమ్మ, చెదలు రెండూ పడతాయి. లోపల బిస్కెట్ పొడి ఉందంటే ఎలుక వెతుక్కుంటూ వస్తుంది, అందుకని మూలలన్నీ దులిపి మడవాలి.

పోయిన వారం తమ్ముడు తన స్నేహితులతో వెళ్తానని అడిగాడు. ఇచ్చాను. కుంపటి సంగతి వాడికి చెప్పక్కర్లేదు, లాగింది వాడే కదా. నిన్న సాయంత్రం తెచ్చి "అక్కా, ఆరిపోయింది, మడిచేయనా?" అన్నాడు. చేత్తో ముడితే ఆరినట్టే ఉంది. కుట్టు దగ్గర చెంప ఆనించి చూశాను, చల్లగా తగిలింది. చల్లగా ఉందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే, కుట్లు అన్నిటికన్నా ఆఖరున ఆరతాయి. మళ్లీ దండెం మీద వేశాం. ఇవాళ మధ్యాహ్నం ఎండ బాగా కాసింది, ఒక్క మూల తప్ప అంతా వెచ్చగా ఉంది. ఆ మూల కూడా ఆరాక, బహుశా రేపు, అటక ఎక్కిస్తాం.