రెండు పైపులూ కలిపేయ్

గాజువాక ఆటోనగర్‌లో మా మావయ్య షెడ్డు ముందు ఒక పాత జీపు బానెట్ ఎత్తి ఉంది. ఇంజిను నుంచి డ్యాష్‌బోర్డు వెనక్కి వెళ్లాల్సిన రెండు రబ్బరు పైపులు లేవు. వాటి బదులు ఒకటే ముక్క యూ ఆకారంలో వంగి మళ్లీ ఇంజినుకే వచ్చి చేరింది. లోపలికి పోయే గొట్టాల మూతులకి గుడ్డలు కుక్కి ఉన్నాయి. సెలవు మీద వచ్చి అప్పటికి మూడు రోజులైంది. కెనడాలోని ఎడ్మంటన్ గుర్తు రావడం అదే మొదటిసారి.

"ఏటిరా అలా చూస్తున్నావు? హీటరు బైపాస్. పదేళ్ల కిందట నేనే చేశాను," అన్నాడు మావయ్య.

మా వైజాగ్‌లో కారు హీటరంటే ఎవరికీ పట్టని వస్తువు. డిసెంబరు రాత్రి కూడా ఫ్యాను వేసుకుని దుప్పటి కప్పుకునే జనం మనం. హీటరు కారిందంటే రెండు పైపులూ కలిపేసి పంపించేయడమే. జానెడు రబ్బరు గొట్టం, రెండు క్లిప్పులు, పావుగంట పని. ఈ సముద్రం పక్కన అది తప్పు రిపేరని నేను కూడా అనను.

కంచరపాలెం పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివే రోజుల్లో నా వేసవి సెలవులన్నీ ఈ షెడ్డులోనే గడిచాయి. తర్వాత కెనడా వెళ్లాను. ఎడ్మంటన్‌లో ఒక గోడౌన్‌లో సరుకు ఎక్కించి దించే పని. షిఫ్టు తెల్లవారి నాలుగింటికి మొదలు. ఆ వేళకి మా వైపు బస్సులుండవు కాబట్టి 2,800 డాలర్లు పెట్టి 2004 మోడల్ కారు కొన్నాను. ముందు బంపర్‌లోంచి ప్లగ్గు వైరు వేలాడుతుంటే, ఇంత చవకగా ఎలక్ట్రిక్ కారు దొరికిందా అనుకున్నాను. రాత్రంతా ఇంజిను గడ్డకట్టకుండా వెచ్చబెట్టే బ్లాక్ హీటర్ అది. ప్లగ్గు పెట్టడం మర్చిపోతే పొద్దున్న కారు కదలదు.

రెండో చలికాలం, 2022 జనవరి. బ్లోయర్ వేయగానే కారంతా తియ్యటి వాసన. బెల్లం పాకం మాడబోయే ముందు వచ్చే వాసన ఉంటుందే, దాదాపు అలాంటిది. ముందు అద్దం మీద లోపలి వైపు జిడ్డు పొర. గుడ్డతో తుడిస్తే పోకపోగా పాముకుంటోంది. పక్క సీటు కింద కార్పెట్ తడి. నా రూమ్మేటు శ్రీకాకుళం వాడు. "బూట్లకంటిన మంచు కరిగి ఉంటాది, వదిలేయ్" అన్నాడు. నేనూ అదే నమ్మాను, పది రోజులు. ఒక రోజు కార్పెట్ మీద టిష్యూ కాగితం అదిమి చూస్తే ఆకుపచ్చగా, వేళ్ల మధ్య జారుతూ వచ్చింది. మంచునీళ్లు జారవు. అది కూలెంట్, ఇంజిను వేడెక్కిపోకుండా లోపల తిరిగే ద్రవం.

హీటర్ కోర్ అంటే డ్యాష్‌బోర్డు వెనక దాక్కున్న బుల్లి రేడియేటర్. ఇంజినులో వేడెక్కిన కూలెంట్ ఒక పైపులో వచ్చి, సన్నటి గొట్టాల్లో తిరిగి, రెండో పైపులో వెళ్లిపోతుంది. బ్లోయర్ గాలి దాన్ని తాకి వెచ్చబడి లోపలికొస్తుంది. అది చిల్లుపడితే కూలెంట్ కారు కింద కారదు, మన కాళ్ల దగ్గర కారుతుంది. అందుకే నేల చూసి లీకేజీ లేదనుకుంటాం. బానెట్ కింద కూలెంట్ డబ్బాలో మట్టం మాత్రం వారం వారం దిగిపోతుంటుంది.

దగ్గర్లో ఉన్న ఒక షాపుకి తీసుకెళ్లాను. లెక్క కాగితం మీద వేసి ఇచ్చారు. కోర్ ధర 100 డాలర్లు. కూలి తొమ్మిది గంటలు, గంటకి 130 చొప్పున 1,170. పన్నుతో మొత్తం 1,333. ఆ కాగితం పట్టుకుని పార్కింగులో కాసేపు నిలబడిపోయాను. కారు ధరలో దాదాపు సగం! వస్తువు ఖరీదు కాదు, దాని దగ్గరికి చెయ్యి వెళ్లడం ఖరీదు. డ్యాష్‌బోర్డు మొత్తం దింపితే తప్ప కనపడని చోట పెట్టారు దాన్ని. కారు తయారీలో ముందు హీటరు పెట్టె బిగించి, మిగతా కారంతా దాని చుట్టూ కట్టుకొస్తారేమో అనిపిస్తుంది.

రాత్రి తొమ్మిదింటికి మావయ్యకి ఫోన్ చేశాను. చలికాలంలో ఇక్కడికీ అక్కడికీ పన్నెండున్నర గంటల తేడా. ఇక్కడ పొద్దున్న తొమ్మిదిన్నర, షెడ్డు అప్పుడే తీశాడు.

"రేడియేటర్‌లో గుప్పెడు పసుపు వేయరా," అన్నాడు ముందు. అది మన దేశం రోడ్ల మీద అందరికీ తెలిసిన చిట్కానే, సన్న చిల్లయితే పట్టి ఆపుతుంది కూడా. కానీ హీటర్ కోర్ గొట్టాలు మరీ సన్నం. చిల్లుతో పాటు దారి కూడా మూసుకుపోతుంది. ఆ మాట చెబితే, "అయితే రెండు పైపులూ కలిపేయ్," అన్నాడు.

కలిపేశాను. వేరే దారి తోచలేదు. మర్నాడు పొద్దున్న మైనస్ 28. కారెక్కి రెండు నిమిషాలు ఊపిరి పీల్చానో లేదో, ఆ ఊపిరే అద్దానికి లోపలి వైపు మంచు పొరై అంటుకుంది. చేతిలో స్టీరింగు, రెండో చేత్తో బ్యాంకు కార్డు పెట్టి గోకుతూ నడిపాను. గోకిన పొడి ఒళ్లో రాలుతోంది. కిటికీ దించి తల బయటపెడితే కళ్లలో నీళ్లు రెప్పల మీదే గట్టిపడ్డాయి. గోడౌన్ చేరేసరికి వేళ్లకి స్పర్శ లేదు, ఒళ్లంతా టెన్షన్. మర్నాడూ అదే. ఆ ఊళ్లో హీటరు సుఖం కోసం కాదు, రోడ్డు కనపడటం కోసం. ఈ సంగతి ఫోన్‌లో చెబితే మావయ్య కాసేపు మాట్లాడలేదు. "అయితే విప్పాలిరా," అన్నాడు చివరికి. "గుడ్ల అట్టలు దొరుకుతాయా అక్కడ?"

గుడ్ల అట్టలు షెడ్డు విద్య. విప్పిన బోల్టులు వరసలో ఒక్కో గుంటలో వేసుకుంటూ పోతే, బిగించేటప్పుడు వెనక నుంచి వస్తే చాలు. రాజమండ్రి నుంచి వచ్చిన ఒక అక్కా వాళ్లకి వెచ్చటి గరాజ్ ఉంది. శని, ఆదివారాలు అడిగి తీసుకున్నాను.

ముందు బ్యాటరీ వైరు తీసి కొన్ని నిమిషాలు ఆగాలి. ఎయిర్‌బ్యాగుల్లో మిగిలిన కరెంటు పోయేదాకా పసుపు రంగు కనెక్టర్ల జోలికి వెళ్లకూడదు. ఈ జాగ్రత్త మావయ్యకి తెలీదు, ఆయన చేతికొచ్చే బండ్లలో చాలావాటికి ఎయిర్‌బ్యాగులే ఉండేవి కావు. కూలెంట్‌ని బొట్టు పోకుండా డబ్బాలోకి పట్టాను. తియ్యగా ఉందని కుక్కలు నాకుతాయి, నాకితే కిడ్నీలు పోతాయి. అక్కా వాళ్లింట్లో కుక్క గరాజ్ తలుపు దగ్గరే తిరుగుతోంది. నా అదృష్టం కొద్దీ ఆ కారులో ఏసీ పైపులు విప్పకుండానే కోర్ బయటికొస్తుంది. లేకపోతే ముందు యంత్రం పెట్టి గ్యాస్ లాగించాలి. గాలిలోకి వదిలేస్తే అక్కడ నేరం.

ఇంజిను వైపు రబ్బరు పైపులు గొట్టాలకి అతుక్కుపోయాయి. మెలిపెట్టబోయాను. పదిహేనేళ్ల కిందట ఇదే పని చేసి గొట్టం వంచినందుకు మావయ్య నెత్తి మీద మొట్టిన మొట్టికాయ గుర్తొచ్చి చెయ్యి ఆగింది. పైపుని బ్లేడుతో నిలువునా కోసి తీసేయాలి. పైపు కొత్తది వస్తుంది, గొట్టం రాదు.

శనివారం రాత్రికి మూడు గుడ్ల అట్టలు నిండాయి. డ్యాష్‌బోర్డు సోఫాలో పడుకున్న మనిషిలా గరాజ్ మధ్యలో ఉంది. వైర్ల గుత్తులు వేలాడుతున్న ఆ ఖాళీ చూస్తే, ఇది మళ్లీ కారవుతుందా అని కడుపులో దడ. కోర్ బయటికొచ్చింది. అల్యూమినియం, అరచేతి కంటే కొంచెం పెద్దది. ఒక మూల అతుకు దగ్గర తెల్లగా పొక్కులు. కూలెంట్ ఏళ్ల తరబడి మార్చకపోతే తుప్పు పట్టనివ్వకుండా అందులో కలిపే మందు అయిపోతుంది, ఇక లోహాన్ని తినేస్తుంది. లోపల గోధుమరంగు బురద కూడా ఉంది. నాకు ముందున్న యజమాని ఏదో లీకేజీ పొడి పోసినట్టున్నాడు. అంటే వాళ్ల పసుపన్నమాట.

కొత్తదాని చుట్టూ స్పాంజి పట్టీలు అంటించాను. అవి లేకపోతే గాలి కోర్‌ని తప్పించుకుని పక్కల నుంచి చల్లగానే వచ్చేస్తుంది. బిగించడం గురించి చెప్పడానికేం లేదు, అట్టలో వెనక నుంచి ముందుకి. ఒక ప్లాస్టిక్ క్లిప్పు విరిగింది. ఆ కారు అమ్మేదాకా గతుకు పడినప్పుడల్లా కిచకిచమంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోశాను. ఆ పాళ్లలో మైనస్ 37 దాకా గడ్డకట్టదు. ఇంజిను స్టార్ట్ చేస్తే డ్యాష్‌బోర్డు వెనక కుండలో నీళ్లు ఒంపినట్టు గుడగుడ, గాలి మాత్రం చల్లగా. ఎయిర్ లాక్, అంటే పైపుల్లో గాలి చిక్కుకుంది. కారు ముందు భాగం జాకీతో ఎత్తి, హీటరు పూర్తి వేడిలో పెట్టి, మూత దగ్గర బుడగలు ఆగేదాకా కూర్చున్నాను. నలభై నిమిషాలకి ముఖం మీద వెచ్చటి గాలి తగిలింది. అక్క ఇచ్చిన ఉప్మా అప్పుడు తిన్నాను.

ఇదంతా జీపు పక్కన స్టూలు మీద కూర్చుని మావయ్యకి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అన్నీ విని ఒకటే అడిగాడు.

"ఆ షాపువాళ్లు కూలి 130 డాలర్లన్నావు. రోజుకి కదా?"

"గంటకి, మావయ్యా. మన డబ్బుల్లో ఏడువేల ఎనిమిది వందలు. అదంతా మెకానిక్ జేబులోకి పోదులే, షాపు అద్దె, యంత్రాలు అన్నీ అందులోనే."

ఆయన ఏమీ అనకుండా పిల్లాడిని టీకి పంపించాడు.

జీపాయన కుటుంబంతో లంబసింగి వెళ్తున్నాడట. ఘాట్‌లో తెల్లవారుజామున అద్దం మసకబారిపోతోంది, హీటరు మళ్లీ కలపమన్నాడు. కోర్ నేను విప్పాను. ఆ జీపులో డ్యాష్‌బోర్డు కింద నాలుగు బోల్టులు, ఇరవై నిమిషాలు. రాగి, ఇత్తడి కోర్ అది. పక్క సందులో రేడియేటర్ పని చేసే ఆయన నీళ్ల తొట్టిలో ముంచి గాలి కొట్టి, బుడగలొచ్చిన చోట టంకం వేశాడు. పదేళ్లు గుడ్డ కుక్కుకుని కూర్చున్న వస్తువు సాయంత్రానికి పనిచేసింది. నా అల్యూమినియం కోర్‌ని ఆయన దగ్గరికి తెచ్చినా అలా అతికించి ఉండేవాడు కాదు, అల్యూమినియానికి ఆ టంకం పట్టదు.

మావయ్య చీటీ రాశాడు. టంకానికి 500, పైపులు, క్లిప్పులు 450, కూలి 600.

"పైపుల రేటు సరే గానీ, కూలి కాస్త చూడండి మేస్త్రీ గారూ. పూటన్నా పట్టలేదు కదా," అన్నాడు జీపాయన.

మావయ్య పెన్ను చెవి మీద పెట్టుకుని నా వైపు తిరిగాడు. "ఆ ఊళ్లో గంటకి ఎంతన్నావురా?"

చెప్పాను. జీపాయన జోకనుకుని నవ్వి, యాభై తగ్గించి ఇచ్చాడు.