నాలుగో పుస్తకం బీరువాలోనే ఉంది

మా మేనకోడలు ఇప్పుడు ‘ఎక్లిప్స్’ చదువుతోంది. పర్లాకిమిడి వచ్చినప్పుడల్లా నా ట్వైలైట్ పుస్తకాలు ఒక్కొక్కటే పట్టుకుపోతోంది. బెల్లా అనే అమ్మాయి ఓ వాంపైర్‌ని, అంటే రక్తం తాగే పిశాచిని, ప్రేమించే కథ అది. నిన్న ఫోన్ చేసి, “అత్తా, నాలుగోది కూడా తీసి పెట్టు” అంది. సరేనన్నాను గానీ, చెయ్యి రావట్లేదు.

‘బ్రేకింగ్ డాన్’ 2008 ఆగస్టులో వచ్చింది. నేనప్పుడు ప్లస్ టూ. విశాఖలో ఉన్న చిన్నాన్న కొని, తెలిసినాయన చేత బస్సులో పంపించాడు. మా ఊరికి అప్పుడు రైలు లేదు, చిన్న రైలు ఆపేసి పెద్ద లైను వేస్తున్నారు. పక్కనే ఉన్న పాతపట్నం వెళ్లి పుస్తకం అందుకుని, వానకి తడవకుండా చున్నీ చుట్టి, సైకిల్ బుట్టలో పెట్టుకుని తెచ్చాను. ఏడు వందల పైచిలుకు పేజీలు. పక్కింటి ఒడియా అమ్మాయీ నేనూ రోజు విడిచి రోజు పంచుకుని చదివాం. సగం తెలుగులో, సగం ఒడియాలో కొట్టుకున్నాం కూడా. తనది జేకబ్ పార్టీ, అదే, బెల్లాని ప్రేమించే రెండోవాడు, తోడేలుగా మారేవాడు.

మూడో పుస్తకం దాకా రచయిత్రి స్టెఫెనీ మేయర్ ఒకటే భయం పెడుతూ వచ్చింది. బెల్లా కూడా వాంపైర్ అయితే నాన్నకి దూరమవుతుంది, పిల్లలు పుట్టరు, మొదట్లో మనిషి వాసన తగిలితే చాలు ఒళ్లు తెలియని దాహం. ఆ వాంపైర్ కుటుంబంలోని రోజలీ తన గతం చెప్పుకునే అధ్యాయం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తీరా నాలుగోదాంట్లో? పిల్ల పుట్టేసింది. దాహం మొదటిరోజే అదుపులోకి వచ్చేసింది. నాన్న చార్లీ ఇంటికే వచ్చి కూర్చున్నాడు. ఎన్నికల ముందు అప్పులు మాఫీ చేసినట్టు అన్నీ మాఫీ!

జేకబ్ చెప్పే మధ్య భాగం మాత్రం ఇప్పటికీ ఇష్టమే. కడుపులో బిడ్డ బెల్లా ఎముకలు విరిచేస్తుంటే ఏం చెయ్యలేక చూసేవాడి కోపం, వెటకారం బాగా పలికాయి. అలాంటివాణ్ని తీసుకెళ్లి రచయిత్రి ఆ పసిగుడ్డుకే ముడిపెట్టింది.

అప్పట్లో అమ్మమ్మకి కథంతా చెప్పాను. ఇక్కడికొచ్చేసరికే ఆపేసింది. “ఊయల్లో పిల్లకి మొగుడేటే? ఆ అలవాటు మనమే మానేసినాం కదా.”

ఆఖరి ఘట్టం మరీనూ. ఆ పిల్ల పుట్టడం నేరమని, వాంపైర్ల మీద పెత్తనం చేసే వోల్టూరీలు ఇటలీ నుంచి దండు కట్టి వస్తారు. బెల్లా వాళ్ల తరఫున ఈజిప్టు, ఐర్లండు, అమెజాన్ అడవుల నుంచి సాక్షులు దిగుతారు. మంచులో ఎదురెదురుగా నిలబడి పేజీలకి పేజీలు మాట్లాడుకుంటారు. పాపం, పిల్ల గురించి వాళ్లకి చెప్పిన ఇరీనా అనే వాంపైర్ ఒక్కత్తే చస్తుంది. భవిష్యత్తు ముందే చూడగలిగే ఆలిస్, అలాంటి పిల్లల వల్ల ముప్పు లేదని చూపించే ఇంకో సాక్షిని తెస్తుంది, తగువు తీరిపోతుంది, ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు.

అమ్మమ్మ అడ్డపొగ చుట్ట తీసి పక్కన పెట్టింది. “అయితే యుద్ధం నేదేటి? రాయబారం పద్యాలన్నీ పాడేసి, కురుక్షేత్రం నేకండా తెర దించేసినట్టుంది. మరి ఆ ఈజిప్టోళ్లు ఎందుకొచ్చినట్టు, బోయినాలకా?”

సినిమావాళ్లకీ ఈ వెలితి తెలిసినట్టుంది. 2012లో వచ్చిన ఆఖరి భాగంలో యుద్ధం పెట్టారు. తలలు తెగిపడుతుంటే నోరు తెరుచుకుని చూశాను. తీరా అదంతా ఆలిస్ చూపించిన భవిష్యత్తేనట, జరగలేదట. మళ్లీ అదే నీరసం.

మేనకోడలికి ‘ఎక్లిప్స్’లో ఇంకా ఎనభై పేజీలు ఉన్నాయట. బీరువా తాళం నా కొంగుకే ఉంది.