పాల క్యాన్‌తో గాలం

2019 ఆగస్టులో బోస్టన్ దగ్గర మా అమ్మాయి వాళ్లింట్లో ఉన్నాను. ఓ శనివారం పొద్దున మనవడు ఖాళీ ప్లాస్టిక్ పాల క్యాన్ ముందేసుకుని, కత్తెరతో దానికి కిటికీ కోస్తున్నాడు. ఏమిట్రా అది అంటే "గాలం తాతయ్యా" అన్నాడు. అల్లుడు నవ్వి, "సాయంత్రం బేస్‌బాల్‌కి వెళ్తున్నాం మామయ్యగారూ, అక్కడ చూద్దురుగాని" అన్నాడు.

బోస్టన్ నుంచి దక్షిణంగా గంట ప్రయాణం చేస్తే పాటకెట్. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో పాత మిల్లుల ఊరు. బ్లాక్‌స్టోన్ నది ఒడ్డున 1793 నాటి స్లేటర్ మిల్లు ఇంకా ఉంది. అమెరికాలో నీటి బలంతో నూలు వడకడం నిలదొక్కుకున్నది అక్కడేనట. మాది చీరాల కాబట్టి అక్కడ నేను అందరికంటే ఓ పది నిమిషాలు ఎక్కువే నిలబడ్డాను. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాక ఊరు గొప్పగా చెప్పుకోవడానికి మిగిలింది ఈ పాటకెట్ రెడ్ సాక్స్ జట్టు. ముద్దుగా పాసాక్స్.

ఇది మైనర్ లీగ్ జట్టు. అంటే బోస్టన్ రెడ్ సాక్స్‌కి పిల్ల జట్టు. కుర్రాళ్లు ఇక్కడ రాటుదేలతారు, బాగా ఆడినవాణ్ణి బోస్టన్ పిలిపించుకుంటుంది. మా బ్యాంకు బ్రాంచి గుర్తొచ్చింది. పని బాగా నేర్చినవాడికల్లా ట్రాన్స్‌ఫరే. మెకాయ్ స్టేడియంలో పైకెక్కే దారి పొడవునా అలా వెళ్లిపోయినవాళ్ల బొమ్మలు, గోడంత ఎత్తున.

గాలం సంగతి లోపలికెళ్లాక తెలిసింది. ఈ స్టేడియంలో ఆటగాళ్లు కూర్చునే చోటు మన సీట్ల కిందే ఉంటుంది. ఆటోగ్రాఫ్ కావాలంటే వంగినా చేయి అందదు. అందుకని క్యాన్‌లో బంతీ పెన్నూ పెట్టి, తాడు కట్టి కిందికి వదులుతారు. రెయిలింగ్ వెంబడి పిల్లలంతా బావిలోకి చేదలు వేసినట్టు వేలాడుతున్నారు. మావాడి తాడు రెండుసార్లు పక్కపిల్ల తాడుతో చిక్కుపడింది. మూడోసారి కింద ఎవరిదో చేయి బంతిని తీసుకుంది. కాసేపటికి తాడు రెండుసార్లు గుంజినట్టు కదిలింది. వాడి మొహం చూడాలి అప్పుడు!

నా పక్క సీట్లో ఓ పెద్దాయన ఒళ్లో స్కోరు పుస్తకం పెట్టుకుని ప్రతి బంతికీ పెన్సిల్‌తో గుర్తులు వేసుకుంటున్నాడు. ఆట నాకు కొత్తని తెలిశాక ఆయనకు మంచి శ్రోత దొరికాడు. ఆయన చెప్పింది ఈ మైదానంలోనే జరిగిన కథ. 1981 ఏప్రిల్ 18, ఈస్టర్ ముందు రోజు రాత్రి. రోచెస్టర్ జట్టుతో మ్యాచ్. రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తే ఇక్కడ ఒక ఇన్నింగ్స్. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌తో అయిపోవాలి, సమానంగా ఉంటే తేలేదాకా ఆడాలి. ఫలానా టైమ్ దాటితే ఆపేయాలని లీగ్‌లో రూలుంది గానీ, అంపైర్ల దగ్గరున్న ప్రతిలో అది లేదు! చలికి తట్టుకోలేక ఆటగాళ్లు విరిగిన బ్యాట్లు మంటేసుకున్నారు. 21వ ఇన్నింగ్స్‌లో రోచెస్టర్ ఒక పరుగు చేసి ఇక గెలిచినట్టే అనుకుంటే, పాటకెట్ ఆటగాడు వేడ్ బాగ్స్ కొట్టి మళ్లీ సమం చేశాడు. సొంత జట్టువాళ్లకే అతన్ని వాటేసుకోవాలో తన్నాలో తెలియలేదట. తెల్లవారుజామున 4:07కి 32 ఇన్నింగ్స్ దగ్గర ఆపారు. అప్పటికి చూస్తున్నవాళ్లు 19 మంది. వాళ్లకు సీజన్ పాసులిచ్చారు. అపోంటే అనే పాటకెట్ పిచర్, అంటే బంతి విసిరేవాడు, ఆ వేళప్పుడు ఇంటికెళ్తే భార్య నమ్మలేదట. పేపర్లో చూసుకో అన్నాడు గానీ, ఆదివారం పేపర్లో ఆ వార్త పడనే లేదు.

మిగతా ఆట జూన్ 23న ఆడారు. పద్దెనిమిది నిమిషాల్లో పాటకెట్ గెలిచింది. ఐదు రోజుల టెస్టు మ్యాచ్‌లు చూసినవాణ్ణి, అయినా నోరు తెరుచుకుని విన్నాను.

"ఆ 19 మందిలో మీరూ ఉన్నారా?" అన్నాను.

"ఈ ఊళ్లో ఎవర్నడిగినా ఉన్నాననే అంటారు. నేను మాత్రం పన్నెండింటికే ఇంటికెళ్లి పడుకున్నా."

1977లో దివాలా తీసిన ఈ జట్టును బెన్ మాండర్ అనే రిటైరైన మిల్లు యజమాని కొని నిలబెట్టాడు. టిక్కెట్టు ధర అందుబాటులో ఉంచి, గేటు దగ్గర జనాన్ని తనే పలకరిస్తూ నడిపాడు. 2005లో ఆ చిన్న స్టేడియానికి 6,88,000 మందికి పైగా వచ్చారు. 2010లో ఆయన పోయాడు. 2015లో చేతులు మారింది. కొత్త యజమానులకు కొత్త స్టేడియం కావాలి, దానికి డబ్బు ఎవరు పెట్టాలన్నది తెగలేదు. నేను వెళ్లడానికి ఏడాది ముందే, జట్టు మసాచుసెట్స్‌లోని వూస్టర్‌కి వెళ్లిపోతుందని ప్రకటించారు. జనం డబ్బుతో స్టేడియం కట్టకూడదన్న వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ ఆ పెద్దాయన పక్కన కూర్చుని ఆ మాట పైకి అనలేకపోయాను.

"వూస్టర్ గంట దూరం కూడా లేదు కదా, వెళ్తారా?" అని మాత్రం అడిగాను. ఆయన పుస్తకంలో ఏదో రాసుకుంటూ ఉండిపోయాడు.

వీడ్కోలు సీజన్ అనుకున్న 2020ని కోవిడ్ మింగేసింది. ఆ వేసవి మైదానంలో టేబుళ్లు వేసి భోజనాలు పెట్టారట. 2021 నుంచి జట్టు వూస్టర్‌లో ఆడుతోంది. 2025లో మెకాయ్‌ని కూలగొట్టడం మొదలైంది, అక్కడ హైస్కూల్ వస్తుందట. ఆ వీడియో మనవడే నాకు వాట్సాప్‌లో పంపాడు.

ఆ బంతి ఇంకా వాడి షెల్ఫ్‌లోనే ఉంది. దాని మీద ఉన్న గీతలు ఎవరి పేరో ఇప్పటికీ మా ఇంట్లో ఎవరమూ చదవలేకపోయాం.