ఆ పాటకి మా అమ్మాయి చెయ్యెత్తలేదు

మా అమ్మాయికి ఆస్టిన్‌లో యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో సీటొచ్చిన రోజు మా ఆయన చేసిన మొదటి పని ఆ ముదురు నారింజ రంగు టీషర్టులు నాలుగు కొనుక్కురావడం. చూపుడువేలు, చిటికెనవేలు ఎద్దుకొమ్ముల్లా పైకి పెట్టడం, మ్యాచ్ అయ్యాక అందరితోపాటు లేచి చెయ్యెత్తి ‘ది ఐస్ ఆఫ్ టెక్సస్’ అనే ఆ యూనివర్సిటీ పాట పాడటం మా అమ్మాయికంటే ముందు మేమే నేర్చుకున్నాం. ఇరవై ఏళ్లుగా అమెరికాలో ఉన్నా, దాదాపు లక్షమంది పట్టే ఆ స్టేడియంలో ఆ పాట పాడుతున్నప్పుడే మేమూ ఇక్కడివాళ్లమే అనిపించింది. అందుకే 2020లో ఆ పాట మీద గొడవ మొదలైనప్పుడు నాకు కష్టంగా అనిపించింది.

మే నెలలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి పోలీసు చేతిలో చనిపోయాడు. జూన్‌లో ఈ యూనివర్సిటీ ఆటగాళ్లు ఒక ప్రకటన పెట్టారు. ఆ పాట మార్చాలి, కొన్ని భవనాల పేర్లు మార్చాలి, అవి పట్టించుకోకపోతే కొత్త ఆటగాళ్లని చేర్పించే పనికీ, దాతల కార్యక్రమాలకీ మేం రాము అన్నారు. ఆ పాటని మొదటిసారి పాడింది 1903లో, ఆస్టిన్‌లో జరిగిన ఒక మిన్‌స్ట్రెల్ షోలో. మిన్‌స్ట్రెల్ షో అంటే తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్లని వెక్కిరిస్తూ వేసే వేషాలు. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. నేర్చుకున్నప్పుడు అడగాలని కూడా తోచలేదు.

జులైలో యూనివర్సిటీ కొన్నిటికి ఒప్పుకుంది. ఒక భవనం పేరు మార్చారు. అక్కడి ఫుట్‌బాల్ జట్టులో మొదటి నల్లజాతి ఆటగాడు జూలియస్ విట్టియర్ విగ్రహం పెడతామన్నారు. పాట మాత్రం ఉంటుందన్నారు.

ఆ అక్టోబరు 10న డల్లాస్‌లో ఓక్లహోమా యూనివర్సిటీతో ఫుట్‌బాల్ మ్యాచ్. క్లాసులన్నీ ఆన్‌లైన్ కాబట్టి మా అమ్మాయి ఇంట్లోనే ఉంది. ఆట నాలుగు ఓవర్‌టైముల దాకా సాగి మనవాళ్లు ఓడిపోయారు. పాట మొదలయ్యేసరికి మైదానంలో క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు ఆటని నడిపించే ఆటగాడు, దాదాపు ఒక్కడే నిలబడి ఉన్నాడు, మిగతా జట్టు చాలావరకు లోపలికి వెళ్లిపోయింది. మా ఆయన అలవాటుగా సోఫాలోంచి లేచి చెయ్యెత్తాడు. మా అమ్మాయి దుప్పటి కింద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుంది.

"ఏంటే, లేవవా?"

"ల్యాబ్‌లో నా పక్కన కూర్చున్న నల్లమ్మాయి ఈ పాటకి లేవలేకపోతోంది నాన్నా. నేనెలా లేస్తాను?"

మనకెందుకమ్మా ఆ గొడవలు, మనం చదువుకోడానికొచ్చాం అన్నాడాయన. మన ఇళ్లలో ఈ మాట ఎన్నిసార్లు అని ఉంటామో! దానికి మా అమ్మాయి హీమన్ స్వెట్ సంగతి చెప్పింది. 1946లో ఆయన ఇదే యూనివర్సిటీలో లా కోర్సుకి దరఖాస్తు పెడితే, నల్లవాడని సీటివ్వలేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1950లో గెలిచాడు. వాళ్లు అలా కొట్లాడి కొట్లాడి పౌరహక్కుల చట్టం తెచ్చుకున్నారు కాబట్టే, ఆ ఊపులోనే 1965లో వలస చట్టం కూడా మారింది, నువ్వు రాగలిగావు నాన్నా అంది. మా ఆయన చెయ్యి దించి టీవీ కట్టేశాడు. ఆ రాత్రి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

ఆ నెలలోనే బ్యాండ్‌లో చాలామంది పిల్లలు ఆ పాట మేం వాయించం అన్నారు. 2021 మార్చిలో, ఆ పాట చరిత్ర మీద యూనివర్సిటీ వేసిన కమిటీ రిపోర్టు వచ్చింది. పాట మొదట పాడింది మిన్‌స్ట్రెల్ షోలోనే, కానీ రాసినవాళ్లకి జాతివివక్ష ఉద్దేశం లేదు అని తేల్చారు. తర్వాత, బ్యాండ్‌లో ఉండాలంటే పాట వాయించాల్సిందేననీ, వాయించడం ఇష్టంలేని పిల్లల కోసం వేరే బ్యాండ్ పెడతామనీ ప్రకటించారు.

వేరే బ్యాండ్ అని చదవగానే నాకు తెనాలి దగ్గర మా ఊళ్లో ఇల్లు గుర్తొచ్చింది. వెనక వసారాలో చూరు కింద దోపి ఉండే సొట్టల సత్తు గ్లాసు. అది మా పాలేరుది. మా అమ్మ పైనుంచి టీ పోసేది, ఆయన గట్టు మీద కూర్చుని తాగి, నూతి దగ్గర తనే కడుక్కుని మళ్లీ చూర్లో దోపేసేవాడు. మా ఇంట్లో ఎవరూ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. పండక్కి బట్టలు పెట్టేవాళ్లు, జబ్బు చేస్తే ఆస్పత్రికి డబ్బులిచ్చేవాళ్లు. ఉద్దేశం గురించి కమిటీ వేస్తే మా ఇంటికీ క్లీన్‌చిట్టే వచ్చేది. గ్లాసు మాత్రం చూరు కిందే ఉండేది. అదేమని అడిగితే ఆచారం అనేవాళ్లు.

ఆ రోజు మా అమ్మాయికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఇన్నేళ్లలో దానికెప్పుడూ చెప్పలేదు.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆయన్ని నువ్వేమని పిలిచేదానివమ్మా?" అని అడిగింది.

పేరు పెట్టే పిలిచేదాన్ని, ఆయన మా నాన్నకంటే పెద్దవాడు అన్నాను.

"మరి ఆయన నిన్ను?"

"అమ్మాయిగారూ అని. అప్పటికి నాకు ఆరేళ్లు."