పరంగిమలై మెట్ల మీద ప్రకటన గ్రంథం

మొక్కు తీరింది. ఏం మొక్కో రాయను, అది మొక్కుకున్నవాళ్ళకీ దేవుడికీ మధ్య సంగతి. డిసెంబరు 18, మౌంట్ పండగ నాడే చెన్నైలోని పరంగిమలై, అదే సెయింట్ థామస్ మౌంట్, ఎక్కుతానని అనుకున్నాను, ఎక్కాను. పిక్కలింకా లాగుతూనే ఉన్నాయి.

మాది లూథరన్ ఇల్లు, కొండ మీది గుడి కతోలికులది. మద్రాసు తెలుగు క్రైస్తవులకు ఇదేమంత అడ్డు కాదు. బాప్టిస్టులు కూడా వస్తారు. కొవ్వొత్తి మాత్రం వెలిగించరు, పక్కన నిలబడి ప్రార్థన చేసుకుని దిగిపోతారు. ఆ గుడి కాన్పు కోసం ఎదురుచూస్తున్న మరియ తల్లి పేరు మీద ఉంది. పండగ పడేదీ అడ్వెంటులోనే, అంటే క్రిస్మస్‌కు ముందు ఎదురుచూసే వారాల్లో. అడ్వెంటు అనగానే మనకు పశువుల తొట్టి గుర్తొస్తుంది కానీ, మొదటి ఆదివారం గుళ్ళో చదివేది క్రీస్తు రెండవ రాకడ గురించి. అందుకే ఈసారి సంచిలో బైబిల్లో చివరి పుస్తకం, ప్రకటన గ్రంథం పెట్టుకున్నాను. 22 అధ్యాయాలు. గట్టిగా చదివితే గంటన్నర పట్టొచ్చు. గట్టిగానే చదవాలి: 1:3లో ధన్యుడని చెప్పింది 'చదువువాడు' ఒక్కణ్ణి, 'వినువారు' అనేకుల్ని. ఒకడు చదువుతుంటే సంఘమంతా వినడానికి రాసిన పుస్తకం అది. ఒంటరిగా కూర్చుని వచనానికో తేదీ వెతుక్కోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది.

కొండ కిందే ఒకాయన కరపత్రం చేతిలో పెట్టాడు. ఎత్తబడుట (విశ్వాసుల్ని ఆకాశానికి తీసుకుపోవడం), ఏడేండ్ల శ్రమలు, క్రీస్తు విరోధి, క్రీస్తు వెయ్యేండ్ల పరిపాలన, వరసగా బాణం గుర్తులతో పటం. మన ఉజ్జీవ కూటాల్లో గుడ్డ మీద గీసి వేలాడదీసే పటమే. 666 ముద్ర ఇదేనని, చేతికి పొడిచే చిప్పు బొమ్మ మాత్రం కొత్తగా చేర్చారు. అదే అపొస్తలుల కాలం నాటి బోధ అని చాలామంది నమ్మకం. ఆ వరస ఆ రూపంలో కుదిరింది 19వ శతాబ్దంలో, జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుడి దగ్గర. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు అడుగున వేసిన వివరణలతో ఊరూరా పాకింది. వెయ్యేండ్లు భూమ్మీద నిజంగానే జరుగుతాయని రెండో శతాబ్దపు బిషప్పు ఐరేనియస్ కూడా అన్నాడు, కాదనను. కానీ రహస్యంగా ఎత్తబడడం, ఆ తర్వాత ఏడేండ్లు, ఈ పటం ఆయనది కాదు. తర్వాతి కాలపు బిషప్పు అగస్టీను ఆ వెయ్యేండ్లను సంఘ కాలంగా చదివాడు. కతోలికులు నేటికీ దాదాపు అదే దారి, మా లూథరన్ల విశ్వాస పత్రం ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు 17వ అంశమూ అటే.

మెట్లెక్కడం మొదలుపెట్టాం. కొండ ఎత్తు సుమారు 300 అడుగులు. ఈ మెట్లు కట్టించింది కోజా పెట్రస్ ఉస్కాన్ అనే అర్మేనియా వర్తకుడు, 18వ శతాబ్దంలో. ఎన్ని మెట్లని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్తారు. దారి పొడుగునా సిలువ మార్గం బొమ్మలు. ప్రతి బొమ్మ దగ్గరా జనం ఆగుతారు, వెనకవాళ్ళు తోస్తారు, ముందువాళ్ళు ఫోన్లు పైకెత్తుతారు. 'యేసు మూడవసారి పడుట' దగ్గర మూడు కుటుంబాలు సెల్ఫీ కోసం వంతులు వేసుకుంటున్నాయి. నాకు చిరాకు, ఆయాసం కలిసి కళ్ళు తిరిగాయి. కొవ్వొత్తులమ్మే ముసలమ్మ లేచి తన ప్లాస్టిక్ స్టూలు నా వైపు జరిపి, “ఉక్కారుంగ” అంది. నీళ్ళిచ్చింది. నేను వెంటనే లేవబోతే, “మెల్ల పోంగ, అవసరం ఇల్ల” అంది. తమిళంలో అవసరమంటే తొందర. తెలుగు చెవికి ఆ మాట 'అక్కర్లేదు' అన్నట్టు వినపడుతుంది. కొవ్వొత్తులు కొంటానంటే, ముందు ఎక్కి రమ్మంది.

ఆ స్టూలు మీద కూర్చునే 12వ అధ్యాయం తీశాను. సూర్యుణ్ణి ధరించిన స్త్రీ, కాళ్ళ కింద చంద్రుడు, తల మీద పన్నెండు నక్షత్రాలు, ప్రసవవేదన. కతోలికులు మరియమ్మ అంటారు, ఆగస్టు 15న పూజలో ఈ భాగమే చదువుతారు. మనవాళ్ళు దేవుని ప్రజ అంటారు. తగువులాడుకునే ముందు ఆదికాండం 37:9 తియ్యాలి. యోసేపు కల: సూర్యుడు, చంద్రుడు, పదకొండు నక్షత్రాలు. యోసేపుతో కలిపితే పన్నెండు. అంటే ఆ స్త్రీ ముందు ఇశ్రాయేలు. ఆమె కన్నది మెస్సీయాను గనక మరియ తల్లీ అందులో ఉంది. ఈ పుస్తకానికి తాళంచెవి ఇదే. దీన్ని రాసిన యోహాను ఒక్కచోట కూడా 'అని వ్రాయబడియున్నది' అని చెప్పడు, కానీ వాడే బొమ్మలన్నీ దానియేలు, యెహెజ్కేలు, యెషయా, జెకర్యా, నిర్గమకాండాల్లోవే. సింహం, ఎద్దు, మనిషి, పక్షిరాజు ముఖాలు యెహెజ్కేలు 1లోవి. 'పరిశుద్ధుడు పరిశుద్ధుడు పరిశుద్ధుడు' యెషయా 6లోది. 42 నెలలు, 1260 దినాలు, 'ఒకకాలము కాలములు అర్ధకాలము' అన్నీ ఒకటే మూడున్నరేళ్ళు, దానియేలు 7:25 నుంచి వచ్చినవి. ఒక వేలు ప్రకటనలో, ఇంకో వేలు పాత నిబంధనలో పెట్టి చదవాలి. రెండో వేలు వార్తాపత్రిక మీద పెట్టినవాళ్ళే 1844లోనూ 2011లోనూ రాకడకు రోజు ఖాయం చేసి, ఆ రోజు దాటాక తెల్లమొహాలు వేశారు. ఆ దినం ఎవరికీ తెలియదనే మత్తయి 24:36 వాళ్ళ బైబిళ్ళలోనూ ఉంది మరి.

ఇంకో సూత్రం: యోహాను ఏం విన్నాడో, తిరిగి ఏం చూశాడో వేరువేరుగా గుర్తుపెట్టుకోవాలి. 5వ అధ్యాయంలో 'యూదా గోత్రపు సింహము' అని వింటాడు, చూస్తే వధింపబడినట్లున్న గొఱ్ఱెపిల్ల. 7వ అధ్యాయంలో 1,44,000 అని లెక్క వింటాడు, చూస్తే ఎవడూ లెక్కింపజాలని సమూహం. విన్నదానికి చూసినది అర్థం చెబుతుంది. ఈ జత విడదీసి, పరలోకంలో 1,44,000 మందికే చోటు అని చెప్పేవాళ్ళు మన వీధుల్లో కూడా తిరుగుతుంటారు. మృగపు సంఖ్య 666 సంగతి కూడా ఇలాగే చెడింది. పుస్తకమే 'అది యొక మనుష్యుని సంఖ్యయే' అంటోంది. హెబ్రీలో అక్షరాలకు విలువలుంటాయి. నీరో కైసరు పేరు 'నెరోన్ కేసర్' అని రాస్తే 50, 200, 6, 50, 100, 60, 200, మొత్తం 666. లాటిన్ పలుకుబడిలో చివరి నకారం పోతే 616. కొన్ని పాత ప్రతుల్లో నిజంగానే 616 ఉంది. చిప్పులో ఈ లెక్క కుదరదు.

పైన గుడిలో బలిపీఠం వెనక రాతి సిలువ. 1547లో పోర్చుగీసులు పునాది తవ్వుతుంటే బయటపడింది, చుట్టూ పహ్లవీ (పాత పారసీక) అక్షరాలు. యేసు శిష్యుడు తోమా చెక్కినదని నమ్మకం, 1558 డిసెంబరు 18న రక్తం చెమర్చిందనీ నమ్మకం. నాకు దొరికింది ఐదారు క్షణాలు. నల్లటి రాయి, రేకులు విచ్చుకున్నట్టున్న కొనలు, పైన దిగుతున్న పావురం. అంతలో వెనక నుంచి భుజం మీద చెయ్యి, జరగమని. ఆ ఐదారు క్షణాలూ నేనేమీ అడగలేదు.

బయటికొస్తే విమానాశ్రయం రన్‌వే కనపడుతుంది. తల మీదుగా దిగే విమానాలు చూస్తుంటే 1 థెస్సలొనీకయులు 4:17 గుర్తు రాక మానదు. 'ఎత్తబడుట' అనే బోధను ముఖ్యంగా ఆ వచనం మీదే నిలబెట్టారు. అక్కడ మన పాత తెలుగు అనువాదం 'ప్రభువును ఎదుర్కొనుటకు' అంటుంది. గ్రీకు మాట అపాంతేసిస్. అదే మాట మత్తయి 25లో కన్యకలు పెండ్లికుమారుణ్ణి ఎదుర్కోబోయే చోట, అపొస్తలుల కార్యములు 28:15లో రోమా సహోదరులు పౌలు కోసం అప్పీయా సంతపేట దాకా నడిచొచ్చే చోట ఉంది. వాళ్ళు పౌలును కలుసుకుని అటునుంచి అటే వెళ్ళిపోలేదు, వెంటబెట్టుకుని రోముకే తీసుకొచ్చారు. తెలుగువాళ్ళకు దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. మగపెళ్ళివారికి ఊరి పొలిమేర దాకా ఎదురుకోలు వెళ్తాం. విడిదికి తీసుకొస్తాం గానీ, వాళ్ళ బండెక్కి వాళ్ళ ఊరికి పోము. ప్రకటన చివర జరిగేదీ అదే. మనం పైకి పోవడం లేదు, 21:2లో కొత్త యెరూషలేము పట్టణం కిందికి దిగి వస్తోంది. పటం గీసినాయన బాణాలన్నీ పైకే చూపించాడు.

దారి ఏదని అడిగినవాడు కూడా ఈ తోమాయే. యోహాను 14:5. అప్పటికి యేసు 'నా తండ్రి యింట అనేక నివాసములు కలవు' అన్నాడు. అదే అధ్యాయం 23లో 'వానియొద్ద నివాసము చేతుము' అంటాడు, గ్రీకులో రెండుచోట్లా ఒకే మాట. ప్రకటన 21:3లో మాట వేరు, గుడారమని దాని అర్థం. తెలుగులో మాత్రం మళ్ళీ 'నివాసము', పక్కనే 'కాపురముండును'. కాపురం అన్న అనువాదకుడికి దండం పెట్టాలి. ఇంకోచోట మాత్రం ఆయన మనకు చిక్కు తెచ్చాడు. 21:16లో పట్టణం కొలత మూలంలో 12,000 స్టాడియాలు. పాఠకులకు తెలిసిన కొలత కదా అని దాన్ని 750 కోసులు చేశాడు. దూరం సరిపోయింది, పన్నెండు పోయింది. తర్వాతి వచనంలో గోడ 144 మూరలు, అంటే పన్నెండు పన్నెండ్లు, నిలిచే ఉంది. కాబట్టి తెలుగులో చదివేవాళ్ళు అంచున 12,000 అని రాసుకోవడం మంచిది. పొడుగు, వెడల్పు, ఎత్తు సమానమని ఎందుకు చెప్పాడో 1 రాజులు 6:20 చూస్తే తెలుస్తుంది. సొలొమోను గుడిలో అతిపరిశుద్ధ స్థలం 20 మూరల ఘనం. అక్కడికి ఏడాదికొకసారి ఒక్క యాజకుడు వెళ్ళేవాడు. ఇప్పుడు ఊరంతా అదే గది. అందుకే 21:22లో ఆ పట్టణంలో గుడి కనపడదు.

దిగేటప్పుడు ముసలమ్మ దగ్గర కొవ్వొత్తులు కొన్నాను. లూథరన్నే అయినా.

సాయంత్రం శాంథోం, తోమా సమాధి మీద కట్టిన గుడి. సమాధి ఉన్న గది కిందుంటుంది, దానికి దారి వేరు. ఎముకల్లో ఎక్కువ భాగం ఎదెస్సాకు, చివరికి 1258లో ఇటలీలోని ఒర్తోనాకు చేరాయంటారు. అయినా ఆ గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడరు. ప్రకటన 6:9 అక్కడ చదువుకోవాలి: బలిపీఠం కింద వధింపబడినవాళ్ళ ఆత్మలు 'యెందాక' అని అడుగుతాయి. వాటికి తెల్లని వస్త్రాలిచ్చి ఇంకా కొంచెం కాలం విశ్రమించమంటారు. పరలోకంలో కూడా ఎదురుచూపు ఉందని చెప్పే చోటు అది. 21:14లో పట్టణపు పన్నెండు పునాదుల మీద అపొస్తలుల పేర్లుంటాయి, వాటిలో ఈయనదీ ఒకటి.

గుడి వెనక సముద్రం. తోమా పాతాడని చెప్పే మాను అక్కడే ఉంది, అది దాటి సముద్రం రాదని ఐతిహ్యం. 2004 సునామీ తర్వాత ఆ మాట మళ్ళీ బాగా వినపడింది. 21:1 'సముద్రమును ఇకను లేదు' అంటుంది. దానియేలు 7లో మృగాలు, ప్రకటన 13లో మొదటి మృగం పైకొచ్చేది సముద్రంలోంచే. పోయేది ఆ భయం. ఉప్పునీళ్ళు ఇంకిపోతాయని కాదు. జాలరి పేటలో ఈ వచనం చదివేవాళ్ళు అక్కడితో ఆపకూడదు. 22:1లో సింహాసనం నుంచి పారే నది యెహెజ్కేలు 47 నుంచి వచ్చింది, అక్కడ ఆ నది మృతసముద్రాన్ని బాగుచేస్తుంది. ఆ గట్టున ఏన్గెదీ నుంచి ఏనెగ్లాయీము దాకా జాలరులు వలలు పరుస్తారు.

ఇసుకలో ఇద్దరు కూర్చుని చిరిగిన వల కుడుతున్నారు. ఫొటో తియ్యొచ్చా అని అడిగితే, కాలికింద వల తొక్కకుండా తీసుకోమన్నారు.