తల విరిగిన పిన్నీసు

పదకొండు దాటింది. చిన్నది హాయిగా పడుకుంది, దాని సెమినార్ బొమ్మ మాత్రం నన్ను పడుకోనివ్వడం లేదు.

కోళ్లలో కణితి పుట్టించే రౌస్ సార్కోమా వైరస్ గురించి రేపు మాట్లాడాలట. దాని ఎంజైము వి-సార్క్‌ను (దేశాల కూటమి కాదు) చార్టు మీద గీసింది. కైనేజ్ భాగానికి (వేరే ప్రోటీన్లకు ఫాస్ఫేటు అంటించేది అదే) ఎర్ర రంగు, మిగతావన్నీ ఖాళీ డబ్బాలు. ఇవేమిటే అంటే, "పని చేసేది అదొక్కటే కదమ్మా, మా మేడమ్ అంతే చాలన్నారు" అంది. ఆ 'చాలు' దగ్గరే నాకు ఒళ్లు మండింది.

అమ్మ మంగళసూత్రాలకు ఎప్పుడూ నాలుగు పిన్నీసులు వేలాడేవి. ఒకదానికి తల విరిగింది. పారెయ్యమ్మా అంటే వినేది కాదు. ఒక పెళ్లిలో నా కుచ్చిళ్లకు అదే పెట్టింది. బంతిలో కూర్చోగానే నడుములో దిగింది. లేద్దామంటే పప్పు వడ్డిస్తున్నారు. పెరుగన్నం దాకా ఊపిరి బిగబట్టి తిన్నాను. తరువాత చూస్తే చీర మీద మిరియపు గింజంత రక్తపు మచ్చ. సూది మిగతా మూడింటి లాంటిదే. లేనిదల్లా తల.

ఇదే చెప్పాలనుకున్నాను దానికి. కోడి కణంలో మామూలుగా ఉండే సి-సార్క్‌లో తోక దగ్గరుండే 527వ అమైనో ఆమ్లం టైరోసిన్‌కు ఫాస్ఫేటు అంటితే, ఆ తోకను దాని సొంత భాగమే, చార్టులో ఖాళీ డబ్బాగా ఉన్న ఎస్‌హెచ్2 డొమైనే పట్టుకుంటుంది. ఎంజైము ముడుచుకుని ఊరుకుంటుంది. వైరస్ చేతిలో ఆ తోక పోయింది: చివరి 19 అమైనో ఆమ్లాల చోట వేరే 12 వచ్చాయి. ఇక మూసేదెవరు?

రాస్తుంటేనే నా పిన్నీసు వంగిపోయింది. ఎస్‌హెచ్2 ఉత్త తాళమైతే, 1986లో టోనీ పాసన్ అనే శాస్త్రవేత్త బృందం ఫుజినామి అనే మరో కోడి కణితి వైరస్ ఎంజైములో కైనేజ్ జోలికి పోకుండా ఆ భాగాన్ని మార్చినప్పుడు కణాలను చెడగొట్టే శక్తి ఎందుకు తగ్గింది? అక్కడ అది ఊతమిచ్చే చేయి. వి-సార్క్ మొదట్లో ఉండే అమైనో ఆమ్లం గ్లైసీన్‌ను మార్చినా అంతే. దానికి అంటాల్సిన కొవ్వు గొలుసు అంటదు, ఎంజైము కణపొరకు చేరదు. కైనేజ్ పని చేస్తూనే ఉంటుంది, కణం మాత్రం క్యాన్సర్ దారి పట్టదు. సూదికి పదునుంది, నడుమే దొరకలేదు.

అంటే దాన్ని అంతలా కసిరిన నేను చెప్పబోయిందీ సగమే.

1911లో వైరస్‌ను పట్టుకున్న రౌస్‌కు 1966లో నోబెల్ వచ్చిందని రాసి, పక్కన కళ్లద్దాల ముసలి కోడిని వేసింది. అది బాగుంది.

ఎస్‌హెచ్2 డబ్బాలో పెన్సిలుతో 'తాళం' అని రాశాను, చెరిపాను. 'చేయి' అని రాసి అదీ చెరిపాను. ఇప్పుడక్కడ చార్టు నల్లగా నలిగింది. పొద్దున్న నాకుంది.