పాత డెబియన్‌ మీద కొత్త జీసీసీ: నా అనుభవం

మా డిపార్ట్‌మెంట్‌లో రీసెర్చ్ విద్యార్థులందరూ కలిసి వాడుకునే సర్వర్ ఒకటి ఉంది. దాని బాగోగులు చూసేది నేనే. అందులో ఉన్నది డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 11వ వెర్షన్, అంటే 2021 ఆగస్టులో వచ్చిన బుల్స్‌ఐ. దానితోపాటు వచ్చిన సీ ప్లస్ ప్లస్ కంపైలర్, అంటే మనం రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చేది, జీసీసీ 10.2. డెబియన్ స్టేబుల్ పద్ధతి తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఒకసారి విడుదలయ్యాక వెర్షన్లు దాదాపుగా మారవు, సెక్యూరిటీ లోపాలు, పెద్ద బగ్గులు మాత్రమే సరిచేస్తారు. నెలల తరబడి నడిచే సిమ్యులేషన్లు ఉన్నచోట నాకు కావలసింది అదే.

ఒక విద్యార్థి వచ్చి "సార్, ఫార్మాట్ అనే హెడర్ దొరకట్లేదంటోంది. నా ల్యాప్‌టాప్‌లో మాత్రం బానే కంపైల్ అవుతోంది" అన్నాడు. హెడర్ అంటే కోడ్‌లో కలుపుకునే లైబ్రరీ ఫైలు. అతని కోడ్‌లో తప్పేమీ లేదు. సీ ప్లస్ ప్లస్ 20 ప్రమాణంలో ఉన్న ఫార్మాట్ లైబ్రరీ జీసీసీలోకి వచ్చింది 13వ వెర్షన్‌తో, 2023 ఏప్రిల్‌లో. 10.2కి సీ ప్లస్ ప్లస్ 20 ఆప్షన్ ఇస్తే భాషలోని కొత్త అంశాలు చాలావరకు అర్థం చేసుకుంటుంది గానీ, అప్పటికి రాయని హెడర్‌ని ఎక్కణ్నుంచి తెస్తుంది?

ఓఎస్‌ అప్‌గ్రేడ్ చేసేస్తే పోలేదా అని ఎవరైనా అడుగుతారు. డెబియన్ 12లో ఉన్నది జీసీసీ 12.2. అంటే అంత శ్రమా పడి అప్‌గ్రేడ్ చేసినా ఆ హెడర్ రాదు. 13లో జీసీసీ 14.2 ఉంది, నిజమే. కానీ 11 నుంచి 13కి ఒకేసారి దూకడాన్ని డెబియన్ సపోర్ట్ చెయ్యదు, మధ్యలో 12 మీదుగానే వెళ్లాలి. ఒకరి కోడ్ కోసం అందరి జాబ్‌లు ఆపి రెండు అప్‌గ్రేడ్‌లు చెయ్యడం నాకు న్యాయంగా అనిపించలేదు.

తర్వాత అందరికీ తట్టే దారి, కొత్త విడుదల రిపాజిటరీని సోర్సెస్ ఫైల్లో కలిపి ఒక్క కంపైలర్ ప్యాకేజీని మాత్రం తెచ్చుకోవడం. ఇలాంటిది చేసేముందు ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ఏపీటీ కమాండ్‌ని సిమ్యులేషన్ మోడ్‌లో నడపడం నాకు అలవాటు. ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యకుండా, చేస్తే ఏమవుతుందో చెప్తుంది. జాబితా చూస్తే తీగ లాగితే డొంకంతా కదిలినట్టు ఉంది. కంపైలర్‌తోపాటు సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్‌లకు కావలసిన లైబ్రరీ లిబ్‌స్టడ్‌సీప్లస్‌ప్లస్, దాని వెనకే సిస్టమ్ మూల సీ లైబ్రరీ జీలిబ్‌సీ. ఆ మెషీన్‌లో షెల్ దగ్గర్నుంచి డేటాబేస్ దాకా దాదాపు ప్రతిదీ ఆధారపడేది జీలిబ్‌సీ మీదే. ఒకసారి దాన్ని పైకి తీసుకెళ్తే మళ్లీ ఇప్పుడున్న 2.31కి దించడం మామూలు పద్ధతిలో కుదరదు. ఆ కిటికీ అక్కడితో మూసేశాను.

ఇక మిగిలింది కంటైనర్, అంటే తన లైబ్రరీలతో సహా సిస్టమ్‌కి విడిగా నడిచే పెట్టె లాంటిది. దాని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొదట నాకు నచ్చిన దారి అదే. జీసీసీ 13 ఉన్న రెడీమేడ్ ఇమేజ్ దొరుకుతుంది. కానీ అది డెబియన్ 12 మీద కట్టినది, అందులో జీలిబ్‌సీ 2.36 ఉంటుంది. జీలిబ్‌సీ 2.34 నుంచి ప్రోగ్రామ్ మొదలయ్యే ఫంక్షన్‌కే కొత్త వెర్షన్ గుర్తు వేశారు. కాబట్టి ఆ కంటైనర్లో కంపైల్ చేసిన చిన్న హలో ప్రోగ్రామ్ అయినా సరే, బయటికి తెచ్చి 2.31 ఉన్న మా సర్వర్ మీద నడిపితే 2.34 దొరకలేదని ఆగిపోతుంది. ప్రోగ్రామ్‌ని కూడా కంటైనర్లోనే నడిపేవాళ్లకు ఇబ్బంది లేదు. మావాళ్ల జాబ్‌లు నేరుగా సర్వర్ మీదే నడుస్తాయి. అందుకని ఈ మెషీన్ జీలిబ్‌సీ మీదే, ఇక్కడే, సోర్స్ నుంచి కంపైలర్‌ని కట్టుకోవాలని నిర్ణయించుకున్నాను.

జీసీసీ 13.2 సోర్స్ 80 ఎంబీ పైచిలుకు ఉంటుంది. దించుకోగానే గ్నూ ప్రాజెక్ట్ కీరింగ్‌తో డిజిటల్ సంతకం సరిచూశాను. రేపు అందరి ప్రోగ్రామ్‌లనూ తయారుచేసేది ఇదే కాబట్టి ఈ పని దాటవెయ్యకూడదు. సోర్స్‌లోనే ఉన్న ఒక స్క్రిప్ట్‌ని నడిపితే కంపైలర్‌ని కట్టడానికి కావలసిన జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ, ఐఎస్ఎల్ లైబ్రరీలను సరైన వెర్షన్లలో అదే తెచ్చిపెడుతుంది. వీటిని విడివిడిగా కట్టుకుంటూ కూర్చున్నవాళ్లని చూశాను, ఆ అవసరమే లేదు.

బిల్డ్‌ని సిద్ధం చేసే కాన్ఫిగర్ స్క్రిప్ట్‌ని సోర్స్ ఫోల్డర్‌లో కాకుండా పక్కన ఖాళీ ఫోల్డర్ పెట్టుకుని అందులోంచి నడపాలి. నేనిచ్చిన ఆప్షన్లు నాలుగే. ఇన్‌స్టాల్ అయ్యే చోటు ఆప్ట్ డైరెక్టరీ కింద వెర్షన్ పేరుతో సొంత ఫోల్డర్. భాషలు సీ, సీ ప్లస్ ప్లస్ మాత్రమే. కమాండ్ పేరు చివర 13 అని తోక, పాతదానితో కలవకుండా. ఇక మల్టీలిబ్ వద్దని చెప్పడం. చివరిది ఇవ్వకపోతే 32 బిట్ లైబ్రరీలు కూడా కట్టబోతుంది. అవి మెషీన్‌లో లేకపోతే మీ సిస్టమ్‌లో 32 బిట్ హెడర్లు లేనట్టున్నాయి అంటూ కాన్ఫిగర్ ఆగిపోతుంది. 64 బిట్ ప్రోగ్రామ్‌లే రాసేవాళ్లకు వాటితో పనిలేదు.

తర్వాత కంపైలర్‌ని కట్టే మేక్ కమాండ్. ఇక్కడ జరిగేది నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. పాత జీసీసీ 10.2 ముందు కొత్త కంపైలర్‌ని కడుతుంది, అది మొదటి దశ. ఆ కొత్త కంపైలర్ తన సోర్స్‌నే మళ్లీ కంపైల్ చేసుకుంటుంది, అది రెండో దశ. అలా వచ్చినది ఇంకోసారి అదే సోర్స్‌ని కంపైల్ చేస్తుంది, అది మూడో దశ. ఆఖర్న రెండో దశ ఆబ్జెక్ట్ ఫైళ్లనూ మూడో దశ ఆబ్జెక్ట్ ఫైళ్లనూ పోల్చి చూస్తుంది. కంపైలర్ సరిగ్గా ఉంటే రెండూ ఒకేలా రావాలి. స్క్రీన్ మీద పోలిక విజయవంతం అన్న లైను పడినప్పుడే నాకు టెన్షన్ తగ్గింది. బూట్‌స్ట్రాప్ అనే ఈ మూడు దశల పద్ధతి ఆపేసి ఒకే దశతో సరిపెట్టుకోమని, టైమ్ కలిసొస్తుందని సలహా ఇచ్చేవాళ్లున్నారు. పదిమంది నమ్ముకునే కంపైలర్ విషయంలో ఆ టైమ్ ఆదా చెయ్యడానికి నేను ఒప్పుకోను.

సర్వర్‌లో ఇతరుల పనులు నడుస్తున్నాయి కాబట్టి ఉన్న కోర్లలో సగమే వాడి, నైస్‌తో ప్రయారిటీ తగ్గించి, రాత్రిపూట వదిలేశాను. చిన్న మెషీన్ ఉన్నవాళ్లకు ఒక మాట. కొన్ని ఫైళ్లు కంపైల్ అయ్యేటప్పుడు మెమరీ బాగా తింటాయి. మధ్యలో కిల్డ్ అని వచ్చి ఆగితే సోర్స్‌ని అనుమానించకండి, కర్నెల్ సందేశాలు చూపించే డీమెసేజ్ కమాండ్ కొట్టి చూడండి. మెమరీ చాలక కర్నెలే ఆపేసి ఉంటుంది. సమాంతరంగా నడిచే పనుల సంఖ్య తగ్గించి మళ్లీ మేక్ ఇస్తే ఆగినచోటి నుంచి అందుకుంటుంది.

ఇన్‌స్టాల్ అయింది, అతని కోడ్ కంపైల్ కూడా అయింది. నడపగానే ఎర్రర్: సిస్టమ్ లిబ్‌స్టడ్‌సీప్లస్‌ప్లస్‌లో జీలిబ్‌సీఎక్స్ఎక్స్ 3.4.32 అనే వెర్షన్ గుర్తు లేదు.

అసలు సంగతంతా ఇక్కడే ఉంది. కంపైలర్ అంటే ఒక్క కమాండ్ కాదు, దాని వెంట రన్‌టైమ్ లైబ్రరీ కూడా వస్తుంది. లింక్ చేసేటప్పుడు కొత్త జీసీసీ తన ఫోల్డర్‌లోని కొత్త లైబ్రరీనే చూసుకుంటుంది. నడిపేటప్పుడు వెతికేది మాత్రం కంపైలర్ కాదు, సిస్టమ్ లోడర్. దానికి ఆప్ట్ కింద మనం పెట్టిన ఫోల్డర్ ఊసే తెలియదు, మామూలు చోట్లలో ఉన్న పాత లైబ్రరీని పట్టుకొస్తుంది. ఫైల్లోని అక్షరాలను చూపించే స్ట్రింగ్స్ కమాండ్‌ని రెండు లైబ్రరీలకూ కొట్టి విద్యార్థికి పక్కపక్కనే చూపించాను. సిస్టమ్‌ది 3.4.28 దగ్గర ఆగింది, కొత్తది 3.4.32 దాకా వెళ్లింది. "అంటే లైబ్రరీ ఉంది సార్, అది ఎక్కడుందో ప్రోగ్రామ్‌కి తెలీదు, అంతే కదా" అన్నాడు. అంతే.

చాలామంది వెంటనే, లోడర్ ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ లైబ్రరీ పాత్ వేరియబుల్‌ని బాష్ సెట్టింగ్స్‌లో పెట్టేస్తారు. అప్పుడు ఆ షెల్ నుంచి మొదలయ్యే ప్రతి ప్రోగ్రామూ కొత్త లైబ్రరీనే తీసుకుంటుంది, సంబంధం లేనివి కూడా. లోడర్ కాన్ఫిగరేషన్‌లో ఫోల్డర్‌ని చేరిస్తే మెషీన్ మొత్తానికీ అదే వర్తిస్తుంది. కొత్త లైబ్రరీ పాత ప్రోగ్రామ్‌లను సాధారణంగా బాగానే నడుపుతుంది, అయినా సిస్టమ్‌ని కదపకూడదన్నదే కదా మన మొదటి షరతు. అందుకని ఆర్‌పాత్ ఎంచుకున్నాను. లింక్ చేసేటప్పుడే కొత్త లైబ్రరీ చిరునామాని ఆ ఒక్క ప్రోగ్రామ్‌లో రాసేస్తుంది, ఇంక దేన్నీ తాకదు. ప్రోగ్రామ్ ఏ లైబ్రరీలు వాడుతుందో చూపించే ఎల్‌డీడీ కొట్టి చూస్తే ఆప్ట్ కింది దారి కనిపించింది, ప్రోగ్రామ్ నడిచింది. వేరే మెషీన్‌కి పట్టుకెళ్లాల్సినవాటికి మాత్రం లిబ్‌స్టడ్‌సీప్లస్‌ప్లస్‌నీ లిబ్‌జీసీసీనీ స్టాటిక్‌గా, అంటే ప్రోగ్రామ్ ఫైల్లోనే, కలిపేయమని చెప్పాను. ఫైలు సైజు పెరుగుతుంది గానీ లైబ్రరీ వెతుకులాట ఉండదు.

బిల్డ్ పనికి సీమేక్ వాడేవాళ్లు పాత బిల్డ్ ఫోల్డర్‌లోనే కంపైలర్ మార్చబోతే క్యాష్‌లో పాతది గుర్తుండిపోయి చిక్కు పెడుతుంది, కొత్త ఫోల్డర్‌తో మొదలుపెట్టడమే నయం. సిస్టమ్‌లో జీసీసీ అని కొడితే ఇప్పటికీ 10.2యే వస్తుంది, అది అలాగే ఉండాలి. డీకేఎంఎస్ అనే సాధనం కర్నెల్ మాడ్యూళ్లను కట్టేది దానితోనే. కొత్తది కావలసినవాళ్లు అవసరమైన సెట్టింగ్స్‌ని మార్చిపెట్టే ఎన్విరాన్‌మెంట్ మాడ్యూల్స్‌తో మాడ్యూల్ లోడ్ అని ఒక్క కమాండ్ ఇచ్చుకుంటారు.

ఇలా కట్టిన కంపైలర్‌ని ఏపీటీ అప్‌డేట్ చెయ్యదు, ఆ బాధ్యత నాదే. 2024 మేలో 13.3 వచ్చినప్పుడు దాన్ని వేరే ఫోల్డర్‌లో కట్టాను. ఈసారి ఫోర్ట్రాన్ కూడా చేర్చాను, ఇంకో విద్యార్థి అడిగింది. 13.2ని మాత్రం తీసెయ్యలేదు. ఆర్‌పాత్ పెట్టి కట్టిన ప్రోగ్రామ్‌లన్నీ ఆ ఫోల్డర్ చిరునామానే నమ్ముకుని ఉన్నాయి, వాటిని వాళ్లు 13.3తో మళ్లీ కంపైల్ చేసుకున్నాకే దాన్ని తీస్తాను.